రత్నక్క పెట్టిన ఇంటర్వ్యూలు

మారతహళ్ళి వంతెన దగ్గర తోపుడుబండి మీద చెనక్కాయలు వేయిస్తున్నప్పుడు, ఆ పొట్టు కాలే వాసనకు ఎక్కాల్సిన బస్సు వచ్చినా వదిలేసి నిలబడిపోతాను. బెంగళూరు శివారు చందాపురలో నాకు ఉద్యోగం దొరికిన గదిలో ఆ రోజు ఇదే వాసన.

ఆ ఉద్యోగం ఇచ్చింది రత్నక్క. ఇళ్ళలో పని ఇప్పిస్తామన్న మాట నమ్మి మడకశిర వైపు నుంచి బెంగళూరు వస్తే, తీసుకొచ్చినవాళ్ళే ఆమెను అమ్మేశారు. ఆ చెర నుంచి బయటపడ్డాక, తనలాంటి స్త్రీలు తలదాచుకోవడానికి చందాపురలో ఒక ఇల్లు తెరిచింది. అంతకు మించి ఆమె ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆమె గురించి నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి కథే.

ఆపదలో ఉన్న ఆడవాళ్ళ కోసం ఆ ఇంట్లో సహాయవాణి ఫోన్లు అమర్చి నడిపే పనికి మనిషి కావాలంటే వెళ్ళాను. సర్టిఫికెట్లన్నీ తేదీల వరుసలో పేర్చుకున్న ఫైలు నా ఒళ్ళో ఉంది. ఎదురుగా చాప మీద ఆ ఇంట్లో ఉంటున్న నలుగురు ఆడవాళ్ళు, మధ్యలో చేట నిండా వేయించిన చెనక్కాయలు. రత్నక్క ఒక మూల కూర్చుని ఒలుస్తోంది. ఆ ఇంటి పద్ధతి అది. ఎవరిని పనిలోకి తీసుకోవాలన్నా అక్కడ ఉండేవాళ్ళే ప్రశ్నలు అడగాలి, వాళ్ళే తేల్చాలి.

"నీకు కోపమొస్తే ఏం చేస్తావప్పా?" అని అడిగింది సరళ, ఆ నలుగురిలో పెద్దది.

నాకు నిజం తప్ప ఇంకేమీ తోచలేదు. "ఎందుకొచ్చిందో వరుసగా రాసుకుంటానండీ. ఒకటి, రెండు, మూడు అని."

అందరూ పకపకా నవ్వారు. "ఈయప్ప అరిచే రకం కాదులేక్కా, రాసుకునే రకం. ఉండనీ," అంది సరళ.

అప్పుడు రత్నక్క చేతులు దులుపుకుంది. "వాళ్ళు ఒప్పుకున్నారు కదా, ఇంక ఆ కాయితాలు ఇట్లియ్యి, చూస్తా."

కొన్నాళ్ళకు మారతహళ్ళి, కుందలహళ్ళి వైపు నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. అక్కడి ఆడవాళ్ళకు చందాపుర దాకా రావడమే గండం. అక్కడొక ఇల్లు కావాలి. దాన్ని సరళ నడపాలన్నది రత్నక్క పట్టుదల. ఒక కంపెనీ అద్దె, జీతాలు భరిస్తామంది. మాట్లాడటానికి వచ్చిన అధికారి మర్యాదస్తుడే.

"సరళగారి అనుభవం విలువైనది. ఆమెను సభల్లో మాట్లాడించండి. ఇల్లు నడపడానికి మాత్రం చదువుకున్నవాళ్ళు ఉండాలి," అన్నాడు.

"సభల్లో ఏడిపించేదానికే పనికొస్తామా సార్, ఇల్లు నడిపేదానికి పనికిరామా?" అంది రత్నక్క.

ఆయన తల దించుకున్నాడు కానీ షరతు మార్చుకోలేదు. కాదంటే ఇల్లు రాదు. సరళే మెత్తబడింది. "పోనీలేక్కా, ఇల్లు రానీ. నేను వంట చేసుకుంటా ఉంటా."

"నీ వంట తిన్నదాన్నే నేను. అందుకే వద్దంటాండేది," అంది రత్నక్క. తర్వాత ఆయన వైపు తిరిగింది. "మీరనుకున్న మనిషిని పిలిపించండి సార్. ఇద్దరినీ మా పద్ధతిలోనే అడుగుతాం. మీరూ కూర్చోండి."

అలా ఆ చాప ముందు సరళ, సమాజసేవలో పట్టా ఉన్న అనిత పక్కపక్కన కూర్చున్నారు. అప్పటికి ఆ ఇంటికి కొత్తగా వచ్చిన అమ్మాయి ప్రశ్న అడిగింది: "వచ్చినామె నాలుగు రోజులకే మళ్ళీ ఆ చెరలో పెట్టినవాళ్ళ దగ్గరికే పోతానంటే ఏం చేస్తారు?"

కూర్చోబెట్టి నచ్చజెప్తానంది అనిత. ఎలాగో కూడా ఓపికగా వివరించింది. సరళ ఆ అమ్మాయి వైపు జరిగింది.

"నేనూ చెప్తా. వినకుంటే పోనిస్తా. నీ మంచం ఇంకొకరికి ఇయ్యను, ఎప్పుడైనా రా అంటా. నేను అట్లా పోయినదాన్నే. తిరిగొచ్చేసరికి నా దుప్పటి మడత పెట్టి అట్లే ఉండింది. ఒక్క మాట అడగలేదు అక్క."

అడిగిన అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అనిత అధికారి వైపు తిరిగింది. "సార్, నాకు ఈ ఉద్యోగం కావాలి. కానీ సరళగారి కింద ఇప్పించండి. కోర్టు, ఆసుపత్రి పనులు నేను చూసుకుంటాను. ఆమె ఉండగా ఇంటికి పెద్దగా నేనుంటే బాగుండదు."

ఆయన బయటికి వెళ్ళి చాలాసేపు ఫోనులో వాదించాడు. లోపలికి వచ్చి, "సరళగారే," అన్నాడు. ఆడవాళ్ళంతా సంతోషంతో అరిచిన అరుపులకు పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

మారతహళ్ళి ఇల్లు తెరిచిన రోజు రత్నక్క వస్తూనే మంచాలు అటు జరపండి, ఇటు జరపండి అని మాకు పురమాయించసాగింది. సరళ అడ్డంగా నిలబడింది.

"అక్కా, అవి నేను చూసే వేయించినా. నువ్వు కూర్చో."

రత్నక్కను అలా ఆపినవాళ్ళను నేనెన్నడూ చూడలేదు. ఆమె నడుము మీద చెయ్యి పెట్టుకుని సరళను ఎగాదిగా చూసింది. ఇల్లంతా వినబడేలా నవ్వింది. "విన్నావాప్పా? నన్నే కూర్చోమంటాది! ఇంక ఈ ఇల్లు నిలబడతాది." చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఒక కుర్చీలో కూర్చుంది.

ఇప్పుడు ఆమె హిందూపురంలో మూడో ఇల్లు తెరిచే పనిలో ఉంది. ఇక్కడ మారతహళ్ళి ఇంట్లో ఫోన్లు చూసేది కూడా నేను కాదు. ఈ ఇంట్లోనే కోలుకుని, నా దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు అమ్మాయిలు. మొన్న ఏదో లైను పోతే అలవాటుగా వైరు మీద చెయ్యి వేయబోయాను.

"అన్నా, మేం చూసుకుంటాం. నువ్వు పక్కకుండు," అన్నారు.

కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. అంత గర్వంగా నేనెప్పుడూ ఎక్కడా కూర్చోలేదు.