పదకొండిళ్ల గడ్డికి ఎంత అడగాలి

గడ్డి మీద బతికానంటే ఇప్పటివాళ్లు పశువుల మేత అనుకుంటారు. నేను పెంచింది గేదెలు తినే గడ్డి కాదు, డబ్బున్నవాళ్లు చెప్పులిప్పి నడిచే గడ్డి. ఎనభైల్లో తెనాలిలో నర్సింగ్ హోములు, మిల్లు ఓనర్ల మేడలు లేచాయి. ఇంటి ముందు లాను లేకపోతే అది మేడే కాదన్నట్టు ఉండేది. బాపట్లలో ఒక కాలేజీ తోటలో కూలికి పనిచేస్తూ ఆ విద్య పట్టుకున్నాను. సొంతంగా మొదలుపెట్టగానే చుండూరులో మా చుట్టాలు నవ్వారు. చేలో గడ్డి పీకించడానికి మేం కూలీలకు డబ్బులు పోసి చస్తుంటే, నువ్వు గడ్డి పెంచి డబ్బు పుచ్చుకుంటావా అన్నారు. నవ్వితే నవ్వారు, పదేళ్లు మాకు అన్నం పెట్టింది అదే.

తెనాలిలో ఆరు, బాపట్లలో మూడు, రేపల్లెలో రెండు. పాలవాళ్లకు ఉన్నట్టే నాకూ పదకొండు వాడుక ఇళ్లు. వారానికోసారి వెళ్లి గడ్డి కోయాలి, కలుపు తీయాలి, ఎరువు చల్లాలి. ఆస్తి అంటే మద్రాసు నుంచి తెప్పించిన, చేత్తో తోసే గడ్డికోత మిషను, ఒక రాతి రోలరు, రెండు పెద్ద కత్తెరలు. అంతే.

మా ఆవిడకు గుండెలో వాల్వు పాడైందని గుంటూరు డాక్టరు చెప్పేనాటికి ఆమె నాలుగు మెట్లు ఎక్కలేకపోతోంది. పడుకుంటే ఊపిరి ఆడదు, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. మద్రాసు తీసుకెళ్లి ఆపరేషను చేయించండి, ఆలస్యం చేయకండి, ముప్పై వేలు చేతిలో ఉంచుకోండి అన్నాడాయన. అమ్మడానికి మాకు ఆ వాడుకలు తప్ప ఏమీ లేవు.

ఎంత అడగాలి? మిషనుకు వెల కట్టొచ్చు, రోలరుకు కట్టొచ్చు. పదకొండు గేట్లు నన్ను చూసి తెరుచుకుంటాయే, దానికి ఎంత? ఎవర్ని అడిగినా నవ్వారు. నా నోట్లో మాత్రం ముప్పై తప్ప వేరే అంకె లేదు. అది వ్యాపారం విలువ కాదు, మా ఆవిడ ఊపిరి విలువ. తెలిసీ దాన్నే పట్టుకుని వేలాడాను.

పొన్నూరు దగ్గర మొక్కల నర్సరీ ఉన్న ఒకాయన కొంటానని కబురు పెట్టాడు. ముందు ఇళ్లన్నీ చూపించండి, తర్వాత మీరు ఎంత అడుగుతారో అడగండి అన్నాడు. బయల్దేరే ముందు మా ఆవిడ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నా సంగతి ఎత్తకండి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. అవసరం ఉందని తెలిస్తే పాత ఇనుము ధరకు అడుగుతాడు."

సరేనన్నాను. ఈ పని మీద విసుగొచ్చింది, కొట్టు పెట్టుకుంటానని చెప్పాలని ఇద్దరం అనుకున్నాం.

మొదటి ఇల్లు తెనాలిలో నర్సింగ్ హోము. నర్సరీ ఆయన వంగి గడ్డిలోకి వేలు పెట్టి మట్టి చూస్తున్నాడు. అక్కడి డాక్టరు గారి భార్య వరండాలోకి వచ్చి, మీ ఆవిడకు ఎలా ఉంది నాయనా అని అడిగింది. తగ్గిందండి, బాగుంది అన్నాను. ఆవిడ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

రెండో ఇంట్లోనూ అదే ప్రశ్న, మూడో ఇంట్లోనూ అదే. పనికి నాగా పెట్టినప్పుడల్లా ఊరంతా చెప్పుకుని ఏడ్చింది నేనే, ఇప్పుడు దాచాల్సిందీ నేనే. మధ్యాహ్నం రైల్లో బాపట్ల వెళ్లాం. అక్కడ ఒక లెక్చరర్ గారి భార్య మా ఆవిడ పేరు మీద అర్చన చేయించి కుంకుమ పొట్లం దాచి ఉంచింది. బాగుందని చెప్పగానే, చూశావా, పూజ ఊరికే పోలేదు అంటూ నా చేతిలో పెట్టింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వీళ్లంతా ఇంత మంచివాళ్లు ఎందుకయ్యారు, గడ్డి సంగతి మాట్లాడి ఊరుకోవచ్చుగా అని లోపల తిట్టుకున్నాను. తొమ్మిది ఇళ్లలో తొమ్మిదిసార్లు బాగుందన్నాను. అన్నప్పుడల్లా ఇంటి దగ్గర గోడకు ఆనుకుని ఆయాసపడే మనిషి కళ్ల ముందు కనిపించేది.

మర్నాడు పొద్దున్నే రేపల్లె పాసింజర్ ఎక్కాం. అక్కడ మిల్లు యజమాని ఒక పెద్దాయన. ఎక్కువ మాట్లాడడు, పదేళ్లలో నాతో పది మాటలు మాట్లాడి ఉంటాడు. నన్ను చూడగానే లోపలికి వెళ్లి ఒక కవరు తెచ్చాడు. ఎలా ఉందని అడిగాడు. తగ్గిందండి అన్నాను, అలవాటైపోయింది కదా.

"తగ్గిందా? మంచిదయ్యా. మా అల్లుడు మద్రాసు ఆసుపత్రిలో గుండె డాక్టరు. నీకు బెడ్డు తొందరగా ఇప్పించమని, ఫీజు చూడమని ఉత్తరం రాశాను. ఇంక అక్కర్లేదన్నమాట."

కవరు మడిచి చొక్కా జేబులో పెట్టుకోబోయాడు. నర్సరీ ఆయన రెండు బారల దూరంలో గేటు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు విప్పితే ముప్పై పోతుంది, విప్పకపోతే ఉత్తరం పోతుంది. ఆ కవరు సగం జేబులోకి వెళ్లింది.

"తగ్గలేదండి. అబద్ధం చెప్పాను. నిన్నటికంటే ఇవాళ ఇంకా బాగాలేదండి."

అని అక్కడే గడ్డి మీద కూలబడి ఏడ్చాను. అబద్ధం ఎందుకని పెద్దాయన అడగలేదు. నర్సరీ ఆయన వైపు ఒకసారి చూసి, కవరు నా చేతిలో పెట్టి, ఇద్దరికీ మజ్జిగ తెమ్మని లోపలికి కేకేశాడు.

రేపల్లెలో రెండో ఇల్లు కూడా చూసి స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. ఎంత అడుగుతారో అడగండి అన్నాడు నర్సరీ ఆయన. ముప్పై అందామని నోరు తెరిచాను. ఇరవై అని వచ్చింది. ఆయన సరేనండి అని వెంటనే బయానా తీసి ఇచ్చాడు. కూరగాయల బజారుకు వెళ్లిన ఎవరికైనా తెలుసు, అవతలివాడు బేరమాడలేదంటే మనం తక్కువ చెప్పామని. తెనాలి వచ్చేదాకా కవరున్న జేబు మీద చెయ్యి తీయలేదు.

ఆ ఉత్తరం చూపిస్తే వారంలో బెడ్డు దొరికింది. ఉత్తరం లేనివాళ్లు డబ్బు పట్టుకుని నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. ఫీజు తగ్గించారు, ఇరవై వేలూ బొటాబొటిగా సరిపోయాయి. నేను తెనాలిలో ఒక మిల్లులో గుమాస్తాగా చేరాను.

నాలుగేళ్ల తర్వాత పొన్నూరు బస్టాండులో నర్సరీ ఆయన కనిపించి టీ ఇప్పించాడు. మాటల్లో చెప్పాడు, ఆ రోజు ముప్పై అయిదు దాకా ఇద్దామనే వచ్చాడట. మరి ఇరవైకి ఎందుకు ఊరుకున్నారని అడిగాను.

"మీరు అలా ఏడ్చాక బేరమాడటం పాపమనిపించిందండి. ఎంత అడిగితే అంత ఇచ్చేద్దామనుకున్నాను, ఇచ్చేశాను."

తిట్టడానికీ లేదు, దణ్ణం పెట్టడానికీ లేదు. ఇంటికొచ్చి మా ఆవిడ మీద అరిచాను. పదిహేను వేలు, ఒక్క మాటతో పదిహేను వేలు పోగొట్టుకున్నాను, నా అంత వెధవ ఉండడు అన్నాను. ఆమె అరుగు మీద చేటలో కందిపప్పు ఏరుతోంది.

"రేపల్లెలో కూడా బాగుందనే అని ఊరుకుంటే ముప్పై అయిదు వచ్చేవి. డబ్బూ మీరూ మిగిలేవాళ్లు," అంది.

అని ఇంకో రాయి ఏరి పక్కన పడేసింది.