కొయ్యని నరం

తొంభైల్లో నాకిచ్చిన మాట తప్పిన మనిషి పోయిన మంగళవారం ఢిల్లీలో కన్నుమూశారు. ఆ మాట తప్పారు కాబట్టే ఇవాళ ఆయన గురించి రాయడానికి నేనున్నాను.

అప్పుడాయన కంటోన్మెంటు ఆసుపత్రిలో సర్జన్, హోదాకి కర్నల్, తెలుగువారు. నేను సుబేదారుని. కడుపులో పుండుతో ఏళ్ళ తరబడి వేగాను. "ఆంధ్రా మిర్చీ కా కమాల్ హై, సాబ్!" అని, అదంతా ఆంధ్రా మిరపకాయల మహిమేనని యూనిట్లో ప్రతివాడూ నవ్వేవాడు. ఒక జనవరిలో ఆ పుండు కాస్తా కడుపుకి చిల్లు పెట్టింది. "గ్యాసే బావా, సోడా తాగు" అంటూ మా బావమరిది నన్ను రోజంతా ఇంట్లోనే కూర్చోబెట్టాడు. మర్నాడు స్ట్రెచర్ మీదున్న నన్ను చూసి కర్నల్‌గారు, "నొప్పి ఎప్పటినుంచి?" అన్నారు. నేను నొప్పితో మూలుగుతున్నాను. "ఈ పొద్దుట్నుంచే సార్" అన్నాడు వాడు.

"ఠీక్ హై. చిల్లు మూసి, ఆమ్లం ఊరించే నరం కూడా కోసేస్తాను. మళ్ళీ పుండు రాదు. మాటిస్తున్నా."

తెలివొచ్చాక తెలిసింది, నరం కొయ్యలేదని. పొట్టలోని కొవ్వు పొరని చిల్లు మీదికి లాగి కుట్టేశారు, అంతే.

"ఆఫీసరు మాటంటే ఇదేనా సార్?" అన్నాను.

ఆయన అరచేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక నా పొట్ట మీద పెట్టారు. ఆ చలిలో ఏ రోగినీ చల్లటి చేత్తో ముట్టుకునేవారు కాదు. "మాట నిలబెట్టుకుంటే, తిట్టడానికి మీరు మిగిలేవారు కాదు సుబేదార్ సాబ్" అన్నారు. మరేం చెప్పలేదు.

చెప్పింది వార్డు సిస్టరు, కాకినాడ ఆవిడ. "పొట్టంతా చీము నిండిపోయిందండి బాబూ. చిల్లు పడి రోజు దాటిందని తెరిచాకే తెలిసింది. ఇంకా కోస్తూ కూర్చుంటే టేబుల్ మీదే పోయేవారు. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగుతూనే ఉన్నారండి సారు."

బావమరిది సంగతి ఎత్తితే కర్నల్‌గారు నవ్వారు. "అక్క తిడుతుందని భయపడ్డాడు. వదిలెయ్యండి." తర్వాత, పుండుకి మూలం మిర్చి కాదు, ఒక క్రిమి అంటున్నారని చెప్పి, రెండు వారాలు మందులు వాడించారు. పుండు మళ్ళీ రాలేదు. ఇప్పటికీ ఆవకాయ తింటున్నాను. అప్పుడు నవ్వినవాళ్ళలో ఇద్దరు పథ్యం తింటున్నారు.

క్షమ గురించి చాలా పుస్తకాలు చదివాను. ఒక్కటీ పని చెయ్యలేదు. మొన్న సంతాప సభలో మా బావమరిది కర్నల్‌గారి ఫొటోకి దండ వేసి మైకు అందుకున్నాడు. "నొప్పి అనగానే బావని నేనే ఆసుపత్రికి తీసుకొచ్చానండీ." జనం కళ్ళు తుడుచుకున్నారు. దండ వెనక డాక్టరుగారు ఎప్పటిలాగే ఏమీ అనకుండా చూస్తున్నారు. ఆయన క్షమించేశారు. నేను మాత్రం ఇప్పటికీ తప్పుపట్టేది వాణ్ణే, నా భార్య తమ్ముణ్ణి.