పదకొండు లక్షల పదకొండువేల నూట పదకొండు

మా కాలేజీలో ఎవరినైనా తీసుకోవాలంటే ముందు డెమో క్లాసు ఉంటుంది. వచ్చినాయన బోర్డు దగ్గర పది నిమిషాలు పాఠం చెప్పాలి. మేం లెక్చరర్లం బెంచీల మీద పిల్లల్లా కూర్చుని వినాలి. ఆ రోజు వచ్చింది పాలకొల్లులో నాకు తొమ్మిదో తరగతి లెక్కలు చెప్పిన మాస్టారు. ఆయన స్కూలు మూతపడిందట. అరవై దగ్గరపడ్డ మనిషి. ఈ ఉద్యోగం రాకపోతే ఇంకెవరూ పిలవరని మొహం చూస్తేనే తెలుస్తోంది. బట్టతల వచ్చిన నన్ను ఆయన పోల్చుకోలేదు. నేనూ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? ఆయనొస్తే సీనియర్ సెక్షన్ ఆయనకే ఇస్తారు, నేను జూనియర్లతో తంటాలు పడాలి. కుళ్లే, దాచడమెందుకు.

ఆయన బోర్డు మీద ఏడు ఒకట్లు రాశారు: 1111111.

"ఇది ప్రధాన సంఖ్యేనా? అంటే ఒకటితో, తనతో తప్ప దేనితోనూ పోదా? అన్నిటితో భాగించక్కర్లేదండి. ఒకట్లు ఏడు కాబట్టి, దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని పద్నాలుగుతో భాగిస్తే ఒకటే మిగలాలండి."

అలాంటివి వరసగా రాశారు: 29, 43, 71, 113, 127, 197, 211. ఏడింటితోనూ భాగించారు. ఏడుసార్లూ శేషం మిగిలింది. సుద్దముక్క కింద పెట్టి మా వైపు తిరిగారు.

"అయితే ప్రధాన సంఖ్యే అనుకుందామాండీ?"

ఆయన అలవాటు నాకు తెలుసు. అక్కడ ఆగి, పిల్లలందరూ అవునండీ అని అరిచేదాకా ఊరుకుని, అప్పుడు శేషం లేకుండా పోయే ఎనిమిదోది బయటికి తీస్తారు. ఒకప్పుడు నేనూ అరిచి వెర్రిమొహం వేసినవాణ్ణే.

లేచి నిలబడ్డాను. "ఏంటండీ మాస్టారూ, ప్రధాన సంఖ్య అనేశారు? 239తో పోతుందిగా! ఇలా తప్పులు చెప్తే పిల్లలేమైపోవాలండీ?"

ప్రిన్సిపాల్‌గారిది కామర్స్. ఫోన్ తీసి భాగించి చూశారు. 4649, శేషం లేదు. "అయ్యబాబోయ్, నిజమే!" అన్నారు. వెనక బెంచీవాళ్లు కిసుక్కున నవ్వారు.

"అది కాదండీ, నేను ఇంకా..." అన్నారు మాస్టారు.

"టైమైపోయిందండి. కబురు చేస్తాం," అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

బండి తీస్తుంటే మాస్టారు దగ్గరికొచ్చారు. తిడతారనుకున్నాను.

"239 మామూలుగా ఎవరికీ గుర్తుండదండి. మీకెవరు చెప్పారండీ?"

"యూట్యూబ్‌లో చూశానండి."

"ఆయ్," అన్నారు. సుద్ద అంటిన చేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు. "ఎవరోగానీ బాగా చెప్పారండి. మీ పిల్లలకీ చెప్పండి." బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయారు.

సీనియర్ సెక్షన్‌కి ఈ లెక్క ఏటా చెబుతున్నాను. ఏడో సంఖ్య దాకా వెళ్లి ఆగుతాను. పిల్లలు అరుస్తారు. ఎనిమిదోది తీయగానే క్లాసంతా చప్పట్లు.

"ఎక్కడ నేర్చుకున్నారు సార్?" అని అడుగుతారు.

నేనే కనిపెట్టానంటాను.