బెండ్లు విప్పిన ఉరుకుందన్న

నిన్న పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ వచ్చింది. ఉరుకుందన్న కూతురు.

"అత్తా, నాయన లేడు" అంది. ఆ తర్వాత అంతా ఏడుపే.

"లేడంటే యాడికి పోయినాడే?" అని అడిగాను. ఎనభై ఏళ్ల మనిషి అడగాల్సిన మాటేనా అది! కానీ నోటికి అదే వచ్చింది.

మొన్న సాయంత్రమే నాతో మాట్లాడాడు. చారులో ఉప్పు వేయడం లేదని కోడలి మీద కంప్లైంట్. నిద్రలోనే పోయాడట.

నాకు టైపింగ్ రాదు. నేను చెబుతుంటే మనవరాలు టైప్ చేస్తోంది. మన ఫ్యామిలీ గ్రూపులో పిల్లలకు ఆయన ఎర్రగుంట్లలో లారీ నడిపిన తాతగానే తెలుసు. నాకు పెదనాన్న కొడుకు. నేనీరోజు బతికున్నానంటే ఆయన వల్లే. ఆ సంగతి ఇవాళైనా చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

యాభైల్లో మాట. మంత్రాలయానికి ఇవతల మా ఊరు. ఊరంతటికీ తాగడానికి ఒక్కటే దిగుడుబావి.

మా అమ్మ ఆ బావిలోనే పోయింది. బిందె ముంచుతూ పాచిమెట్టు మీద జారింది. ఆమెకు ఈత రాదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఏడాది తిరిగేసరికి ఇంటికి నీళ్లు తేవాల్సిన దాన్ని నేనే. బావి గట్టు కనిపిస్తే చాలు, ఖాళీ బిందెతోనే ఇంటికి పరిగెత్తేదాన్ని. కొన్నాళ్లు నాన్నే తెచ్చాడు. వానలు పడి సేద్యం మొదలైతే ఎవరు తెస్తారు?

ఉరుకుందన్నకు అప్పుడు పద్నాలుగేళ్లు. "ఈత నేర్చుకో మే. ఆ బాయిలోనే" అన్నాడు.

ఏడ్చాను. తిట్టాను. ఆయన చెయ్యి కొరికాను కూడా. మొండిఘటం, వదల్లేదు.

మా వైపు ఈత నేర్పాలంటే బెండ్లు కడతారు. పొలం గట్టు మీది కిత్తనార కాడను ఎండబెట్టి, ముక్కలు కోసి, తాడుతో వీపుకు కట్టడమే. అవి మనిషిని తేలుస్తాయి. కాస్త అలవాటయ్యాక రోజుకొకటి తీసేస్తారు.

నాకు ఆరు కట్టాడు. నడుము కింద చెయ్యి పెట్టి, "నీళ్లను తొక్కుతాండావు మే. తొక్కితే మునుగుతావు. వాటి మీద పండుకో. నేనీడనే ఉండా" అనేవాడు.

(ఇది టైప్ చేస్తున్న పిల్ల పోయినేడు వైజాగ్‌లో సర్ఫింగ్ నేర్చుకుంటానని పోయింది. లోతు చూసి బోర్డు దిగలేక, ఎక్కలేక, ఒడ్డుకొచ్చి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అన్నతో మాట్లాడించాను. ఇవే మాటలు చెప్పాడు. ఇప్పుడు కళ్లు తుడుచుకుంటోంది, తప్పులుంటే మన్నించండి.)

ఆరు ఐదయ్యాయి. నాలుగయ్యాయి. ఒక్కో బెండు తీసినప్పుడల్లా అమ్మ జారిన మెట్టు వైపే చూసేదాన్ని.

రెండు మిగిలిన రోజు నాకు దిక్కుతోచలేదు. రేపు ఇంకోటి తీసేస్తాడు. ఈత అయిపోగానే బెండ్లను గట్టు మీద ఎండబెట్టేవాళ్లం. ఆ సాయంత్రం నేను ఎండబెట్టలేదు. ఆయనకు దొరక్కుండా, నీళ్ల అంచున రాళ్ల సందులో కుక్కేశాను.

మర్నాడు ఆయన రాకముందే రెండూ నేనే కట్టుకుని దిగాను. రెండున్నాయి కదా అన్న ధైర్యంతో బావి మధ్యకు పోయాను.

నీళ్లు తాగిన బెండు తేలదు. ఆ సంగతి నాకు తెలియదు.

వీపు వెనక్కి గుంజింది. కాళ్లు కొట్టాను. ఇంకా గుంజింది. పైనుంచి అన్న కేక వినబడింది.

"తడి బెండ్లు కట్టుకున్యావా మే!"

తర్వాత చెవుల్లోకి నీళ్లు. కళ్ల ముందు పచ్చగా, చీకటిగా. అమ్మ కూడా ఇదే చూసి ఉంటుంది అనుకున్నాను. పదేళ్ల పిల్లకు రావాల్సిన ఆలోచన కాదది.

ఎవరో జుట్టు పట్టుకున్నారు. వీపు మీద ముడి తడుముతున్నారు. తడిసిన ముడి రాలేదు. పళ్లతో లాగినట్టున్నాడు. ఒక్కసారిగా వీపు తేలికైంది.

తల పైకొచ్చింది. నడుము కింద అన్న చెయ్యి ఉంది. హమ్మయ్య అనుకునేలోపే ఆ చెయ్యి తీసేశాడు.

"కొట్టు మే, కాళ్లు కొట్టు!"

కొట్టాను. ఆయన్ను తిట్టుకుంటూ కొట్టాను. మెట్టు చేతికి తగిలింది. అమ్మ జారిన మెట్టే. పట్టుకుని ఎక్కాను.

వెనక ఆయనా ఎక్కాడు. నన్నొక్కటి పీకాడు. తర్వాత నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

వారం తిరక్కుండానే ఆ మెట్టు మీద నిలబడి బిందె ముంచాను.

ఈ కథ నేను అందరికీ గొప్పగా చెప్పేదాన్ని. చూడండి, ధైర్యం రావాలనే చెయ్యి వదిలేశాడు మా అన్న, అని.

పోయిన నెల చూడటానికి వెళ్లినప్పుడు ఆయన ముందే చెప్పాను. నవ్వలేదు.

"ధైర్యానికి గాదు మే. ముడి ఇప్పేతలికి నాకు ఊపిరి అయిపోయింది. చేతుల్లో సత్తువ ల్యాకుండా పాయ. నువ్వు కాళ్లు కొట్టకపోతే ఇద్దరమూ ఆడనే."

డెబ్బై ఏళ్లు ఆ మాట కడుపులో పెట్టుకున్నాడు. చెప్పి ఉంటే నేను మళ్లీ బావి దిగేదాన్ని కాదని ఆయనకు తెలుసు.

నిన్న ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చల్లగా ఉంది. వదల్లేకపోయాను, పిల్లలే విడిపించారు.

అన్నా, ఈసారి కూడా నీ చేతుల్లో సత్తువ అయిపోయినట్టుంది.

పర్వాలేదులే.

వదిలెయ్. నేను కాళ్లు కొడతాండా.

నువ్వు నెమ్మదిగా పండుకో.