తాగేది జీపు, నేను కాదు

మా చిన్నప్పుడు కూడా ఇంట్లో నన్ను తప్పుగానే అర్థం చేసుకున్నారు...

యలహంకలో మా ఇంటి ముందు నాన్న పాత డీజిల్ జీపు ఉండేది. ఆదివారం వస్తే ఆయన దాని కింద దూరి, కుదుపులు ఆపే కమాన్ కట్టలకు గ్రీజు పట్టించేవారు. రేడియేటర్లో చెంబుతో నీళ్ళు పోయడం నా పని. పోసిన మరుక్షణం టైరెక్కి నిలబడి, ఇంక పోదామా అని ప్రాణం తీసేదాన్ని. వెనక వీధి దాటితే మట్టిదారి, ద్రాక్షతోటలు... జీపు ఎగిరెగిరి పడుతుంటేనే నా కాళ్ళు కుదురుగా ఉండేవి.

ఒకసారి అమ్మ ఫోన్లో హిందూపురం అవ్వతో వాపోయింది.

"ఏం చెప్పేదిమ్మా... ఊరికే తాగుతానే ఉంటాది. ఎంత పోసినా సాలదు. పొద్దున్నే లేవమంటే లేవదు, తొయ్యాల."

జీపు అన్న మాట మాత్రం చెప్పలేదు!

అవ్వ మరుసటి బస్సుకే దిగింది, మెంతుల మూటతో. నా నాలుక చాపించింది. కంటిరెప్పలు లాగి చూసింది. ఆఖరికి నాన్నను అడిగింది, "ఇంత చిన్నబిడ్డకు చక్కెర కాయిలా ఏమప్పా?" అని. నాకు షుగరు జబ్బనుకుంది!

నాన్న నవ్వు ఆపుకోలేక జీపు చూపించారు. అవ్వ తగ్గలేదు. "ఆడబిడ్డా 'అదే', బండీ 'అదే' అయితే నాకెట్ల తెలుస్తాది?" అంది. తెచ్చిన మెంతులు వృథా కాకూడదని నాకు రోజూ ఆ చేదు నీళ్ళు తాగించింది కూడా...

ఇప్పుడు నా ఉద్యోగం మారతహళ్ళిలో. వారమంతా హెబ్బాళ దగ్గర ట్రాఫిక్‌లో, క్యాబ్ వెనక సీట్లో కదలకుండా కూర్చుంటాను. నాన్న మోకాళ్ళు ఇప్పుడు జీపు క్లచ్ తొక్కలేవు. లీటరుకు పది కిలోమీటర్లు కూడా ఇవ్వదు, చిన్న రబ్బరు బుష్ కావాలన్నా ఊరంతా తిరగాలి, అమ్మేద్దామన్నారు. నేను వద్దన్నాను.

"నీకు సెంటిమెంట్ జాస్తి అక్కా. ఫొటో తీసి పెట్టుకో" అన్నాడు తమ్ముడు.

ఫొటో నన్ను ఎక్కడికి తీసుకుపోతుంది? తారు రోడ్డు అయిపోయిన చోట వెనక్కి తిరగని బండి కావాలి నాకు. దానికి సెంటిమెంట్ అని పేరు పెట్టుకున్నారు ఇంట్లో...

అప్పుడు మట్టిదారి మా వెనక వీధిలోనే మొదలయ్యేది. ఇప్పుడు అపార్ట్‌మెంట్లు దాటి, దాటి, వెతుక్కుంటూ పోవాలి... మీ ఇంట్లోనూ మనిషిలా తిట్లు తిన్న బండి ఒకటి ఉండే ఉంటుంది. దాని కథ కింద రాయండి.

ఆదివారం కొనేవాళ్ళు వస్తామన్నారు. రావద్దని నేనే చెప్పేశాను. డీజిలూ మెకానిక్కూ ఇకనుంచి నా లెక్క. బండి నేను ఉంచుకుంటున్నాను.