చెంబు మీద చుక్కలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ గిన్నె చేతిలోకి తీసుకున్నా దాని అంచున ఎవరో ఒకరి పేరు ఉండేది. అమ్మ పెళ్ళి బిందె మీద వాళ్ళ నాన్న పేరు, నాయనమ్మ గుండిగ మీద తాతయ్య పేరు. సన్నని ఉలితో చుక్క పక్కన చుక్క కొట్టి అక్షరాలు దిద్దేవారు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ గిన్నెలు ఇల్లిల్లూ తిరుగుతాయి కాబట్టి, పేరు కొట్టించనిదే మావాళ్ళు ఇత్తడి సామాను ఇంట్లో వాడేవారు కాదు. సముద్రం దాటి రంగూన్ వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడు నా వంటింట్లో అంతా ప్లాస్టిక్కే. దేనిమీదా ఎవరి పేరూ లేదు, పోతే వెతికే ఓపికా నాకు లేదు.

నాకు డెబ్బై దాటాయి. రంగూన్ నడిబొడ్డున చౌక్తడాలో ఒక పాత మేడ మూడో అంతస్తులో ఉంటాను. కూరగాయలకు కిందికి దిగితే మళ్ళీ ఎక్కేటప్పుడు మెట్ల మలుపు మలుపునా కూర్చోవలసి వస్తోంది. కరెంటు ఉన్నంతసేపు నీళ్ళు పట్టుకోవాలి, పోయాక విసనకర్రతో విసురుకోవాలి. ఆదివారాలు మాత్రం నా మనవరాలు వస్తుంది. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. వచ్చి, తిని, గోడకు చేరగిలబడి నిద్రపోతుంది. మొన్న ఆదివారం నిద్రపోలేదు. ఫోన్ పట్టుకుని నా పక్కన చేరి, "అమ్మమ్మా, ఇండియా నుంచి మొదట వచ్చినాయన ఉన్నాడు గదా, ఆయనది ఏ ఊరు?" అని అడిగింది.

ఆ ప్రశ్న మా ఇంట్లో అరవై ఏళ్ళ కిందట ఒకసారి పుట్టింది. అప్పుడు జవాబు తెలిసింది నాకొక్కదానికే. నేను చెప్పలేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మనవాళ్ళు వీధులకు వీధులు ఖాళీ చేసి ఓడలెక్కి వెళ్ళిపోతున్న రోజులవి. దుకాణాలు సర్కారు తీసేసుకోవడంతో నాన్న గుమాస్తాగా పనిచేసే దుకాణం మూతపడింది. పక్కింటి అక్క తన బొమ్మల పెట్టె నా చేతికిచ్చి, ఏడుస్తూ బండెక్కింది. వెళ్ళినవాళ్ళు ఉత్తరాలు రాసేవారు. సొంత ఊరు తెలిసినవాళ్ళను చుట్టాలు వచ్చి తీసుకుపోయారట, తెలియనివాళ్ళు రేవు దగ్గర షెడ్లలోనే పడి ఉన్నారట. నాన్న ఆ ఉత్తరాలు చదివి చదివి ఒక నిర్ణయానికి వచ్చాడు. మన ఊరి పేరు దొరికితే వెళ్దాం, దొరక్కపోతే ఇక్కడే ఏదో ఒకటి చేసుకుని బతుకుదాం. దొరకాలని ఆయన ఎంత ఆశపడ్డాడో మొహం చూస్తేనే తెలిసేది.

చిక్కల్లా మా ఇంట్లో ఎవరికీ ఆ ఊరు తెలియకపోవడమే. మొదట వచ్చినాయన మా తాతయ్యకు తాత. వరికోతలకు వచ్చి, నదికి అవతల దలాలో సాగు చేసుకుంటూ ఉండిపోయాడని మాత్రం విన్నాం. ఆయన పోయాక ఆయన కొడుకు ఇవతలి ఒడ్డుకు వచ్చి రేవులో మూటలు మోసే పనిలో చేరాడు. మా తాతయ్య మూడేళ్ళ పిల్లవాడై ఉండగానే ఆ కొడుకూ జ్వరంతో పోయాడు. చెప్పేవాళ్ళు అక్కడితో అయిపోయారు. మాకు మిగిలింది ఇంటిపేరు ఒకటే. అయినా ఏటా పెద్దలకు పెట్టుకునే రోజున ఆ పెద్దాయనకు విస్తరి వేసేవాళ్ళం. ఆయనకు మహా ఇష్టమని చెప్పి పక్కనే ఒక చుట్ట కూడా పెట్టేవాళ్ళం.

"దలా ఎల్లి అడిగొస్తాను. అక్కడ ఏటి దొరుకుతాదో సూద్దాం," అన్నాడు తాతయ్య ఒకనాటి పొద్దున. నాన్న ప్రయాణపు కాగితాల కోసం ఎక్కడో వరుసలో నిలబడాలి. తాతయ్యకు చదువు రాదు. ఏదైనా రాత కనిపిస్తే చదివి చెప్పడానికి నన్ను వెంటబెట్టుకున్నాడు. మా వీధిలో ఒక మేడమీద నడిచే తెలుగు బడిలో నేను అప్పటికే గుణింతాలు దాటేశాను. ఇంట్లో అంతమంది ఉండగా నన్నే రమ్మన్నందుకు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ గర్వం పడవ ఎక్కేదాకానే. నాకు నీళ్ళంటే భయం. సన్నని సంపాన్ పడవ, అంచు దాకా మట్టిరంగు నది, పక్కనుంచి పెద్ద ఓడ పోతే లేచే అలలు. కళ్ళు మూసుకుని చెక్కను పట్టుకున్నాను. ఒక్క నదే ఇలా ఉంటే రోజుల తరబడి సముద్రం ఎలా ఉంటుందో అనుకుని చెక్కను ఇంకా గట్టిగా పట్టుకున్నాను. తాతయ్య భుజం మీది తువ్వాలు తీసి ఒక కొస నా మణికట్టుకు చుట్టి, రెండో కొస తన పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు.

దలాలో మధ్యాహ్నం దాకా తిరిగాం. టీ కొట్టులో అడిగాం, బౌద్ధ మఠంలో అడిగాం. కోతలైపోయిన పొలాల్లో మోళ్ళు కాళ్ళకు గుచ్చుకునేవి. ఎవరిని అడిగినా ఇంకొకరిని అడగమనేవారు. తాతయ్య మూటలు మోసి మోసి అరిగిన మనిషి, పది అడుగులకోసారి మోకాళ్ళ మీద చేతులాన్చి నిలబడిపోయేవాడు. ఇక వెనక్కి పోదాం అనుకుంటుండగా ఒకాయన, ఊరి చివర ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఉంది, ఆమెకు తెలియకపోతే ఇంకెవరికీ తెలియదు అన్నాడు.

ఆమెను నేను బర్మావాళ్ళు పిలిచినట్టే అఫ్వా అని పిలిచాను, అవ్వా అన్నట్టు. తాతయ్య వచ్చిన పని బర్మా భాషలో చెప్పేసరికి ఆమె మొహం విప్పారింది. తలపాగా మామా? ఆయన మా ఇంటి మనిషే కదా అంది. పిల్లగా ఉన్నప్పుడు ఆయన భుజాలెక్కి ఆడిందట. ఆ మధ్యాహ్నం, ఆ ఇంటి చూరు కింద చాప మీద కూర్చుని మా పెద్దాయన గురించి విన్నాం.

కోత ముఠాతో వచ్చాడట. కొడవలి తగిలి కాలు చీము పట్టింది, ముఠా తిరిగి వెళ్ళిపోయింది, ఈయన ఉండిపోయాడు. కాలు మానాక అఫ్వా వాళ్ళ నాన్న పొలంలోనే దున్నడానికి దిగాడు. మోకాలి లోతు బురదలో దున్నపోతుల వెనక నడవడం కొత్తట, మొదటి ఏడు నాగలి కన్నా ఆయనే ఎక్కువసార్లు పడ్డాడట. చుట్ట వాసన తగిలితే తుమ్ములు ఆగేవి కావట. ఆ మాటకు తాతయ్య గట్టిగా నవ్వాడు. ఆ రోజంతటికీ ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

తరువాత ఆమె చెప్పింది విని మాత్రం నవ్వలేదు. పెద్దాయన దగ్గర ఒక గుడ్డ మూట ఉండేదట. అందులో చోళ్ళు. రాగుల్ని మావాళ్ళు చోళ్ళంటారు. ఊరినుంచి తెచ్చుకున్న విత్తనం. వాన నీళ్ళు నిలిచే ఆ పొలాల్లో అవి పండవని, ఇంటి పక్కన మట్టి దిబ్బ వేసి గుప్పెడు చల్లేవాడు. వచ్చిన నాలుగు కంకులూ దులిపి మళ్ళీ అదే గుడ్డలో కట్టేవాడు. వచ్చే ఏడు మా ఊళ్ళో చల్లుకుంటాను అనేవాడు. ఏటా అదే మాట. మధ్యలో ఇక్కడే ఒక తెలుగింటి పిల్లను చేసుకున్నాడు, కొడుకు పుట్టాడు, అయినా మూట కట్టడం మానలేదు. కొన్నేళ్ళకు ఆ ఇల్లాలు పోయింది. పదకొండో రోజున ఆయన గుడ్డ మూట విప్పి, ఉన్న చోళ్ళన్నీ తిరగలిలో విసిరి, అంబలి కాచి, ఇంటింటికీ పంచాడు. పుల్లగా మట్టిరంగులో ఉన్న ఆ అంబలి తాగలేక అఫ్వా చాటుగా పారబోసిందట. మళ్ళీ ఎప్పుడూ ఆయన ఊరి మాట ఎత్తలేదు.

విత్తనం తినేశాడా అని తాతయ్య మళ్ళీ అడిగాడు. గింజ మిగల్చలేదు అంది ఆమె. తాతయ్య చాలాసేపు ఆ మట్టి దిబ్బ ఉండే చోటు చూస్తూ కూర్చున్నాడు. అంతకు ముందటి ఏడే మా నాయనమ్మ పోయింది.

అప్పుడు అఫ్వా లేచి, బుద్ధుడి అరమీద నుంచి ఒక ఇత్తడి చెంబు దించి తెచ్చింది. పెద్దాయనదే. కొడుకు రేవు పనికి పోతూ అఫ్వా వాళ్ళమ్మకు ఇచ్చి వెళ్ళాడట. అప్పటినుంచీ దేవుడికి నీళ్ళు, కొమ్మలు పెట్టేది అందులోనే. మెడ కింద చుట్టూ చుక్కలు ఉన్నాయి, అవేమిటో మాకు తెలియదు, పువ్వుల ముగ్గు అనుకున్నాం అంది. తాతయ్య చెంబు నా ఒళ్ళో పెట్టాడు. "సదువమ్మా."

చదివాను. ముందు మా ఇంటిపేరు. తరువాత పెద్దాయన పేరు. ఆ తరువాత ఊరి పేరు. ఏ అక్షరమూ పోలేదు. నాలుగక్షరాల ఊరు. నోరు తెరిచాను. నది కనిపించింది. నది తరువాత సముద్రం కనిపించింది.

"ఇంటిపేరు మనదే తాతా. పక్కన పేరుంది. ఆ తర్వాత అరిగిపోయింది, ఏటీ అగుపించట్లేదు," అన్నాను.

తాతయ్య చెంబు తీసుకుని, మెడ చుట్టూ బొటనవేలితో మెల్లగా తడిమాడు. ఒక చుట్టు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. "అరిగిపోయిందా?" అన్నాడు. అరిగిపోయింది అన్నాను. "సరే," అన్నాడు. అఫ్వా చెంబు తీసుకుపొమ్మంది. బుద్ధుడికి నీళ్ళు పెట్టేది తీసుకుపోవడం తప్పు అని తాతయ్య దండం పెట్టి తిరిగి ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చి నాన్నతో అదే చెప్పాడు. ఊరి పేరు అరిగిపోయింది. నాన్న జేబులోంచి కాగితాలు తీసి, మడత విప్పకుండానే పెట్టెలో పెట్టేశాడు. ఆ తరువాత పాతికేళ్ళు సైడుకారు రిక్షా తొక్కాడు. మోకాళ్ళు పోయాయి, ఆయాసం పట్టుకుంది. సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి గోడకు చేరగిలబడ్డప్పుడల్లా ఆ నాలుగు అక్షరాలూ నా నాలుక చివరిదాకా వచ్చి ఆగేవి. చెప్పాలనుకున్న ప్రతి ఏడూ చెప్పడం ఇంకా కష్టమయ్యేది. అక్కడికి వెళ్ళి ఉంటే సుఖపడేవాడో, రేవు షెడ్డులో కుళ్ళేవాడో నాకు తెలియదు. తెలియకుండా మోయడమే అలుపు.

నాకు పెళ్ళి కుదిరిన ఏడు తాతయ్య మంచం పట్టాడు. ఒక మధ్యాహ్నం ఆయన కాళ్ళు ఒత్తుతూ ఇక పట్టలేక చెప్పేశాను. ఊరి పేరు కనబడింది తాతా, నేనే అబద్ధమాడాను అని ఏడ్చాను. ఆయన కళ్ళు తెరవలేదు.

"ఎరుగుదును. అరిగిన సుక్క ఏలికి నున్నగా తగల్తాది. అవి గరుగ్గా తగిలినాయి," అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "నీకు నీల్ల బయం. నాకు మీ నాయనమ్మ. ఎల్లనని మీ నాన్నతో అనడానికి నాకు నోరు రానేదు. నువ్వనేసినావు, నేను సరేనన్నాను. ఆ మూట నాది తల్లీ. మోసింది సాలు, దించీ," అన్నాడు.

అప్పుడు కానీ నాకు తట్టలేదు, ఆయన ఆ చెంబు ఎందుకు తిరిగి ఇచ్చేశాడో. తాతయ్యకు చదువు రాదు. నాన్నకు వచ్చు.

దించమన్నాడు కానీ నేను పూర్తిగా దించలేకపోయాను. నాన్నకు చివరిదాకా చెప్పలేదు. పెద్దల విస్తరి పక్కన చుట్ట పెట్టడం దలా వెళ్ళి వచ్చిన ఏడే మానేశాం. నా చేతికి వంట వచ్చాక, ఆ విస్తరిలో వడ్డించేటప్పుడు పెదవి కదలకుండా ఆ ఊరి పేరు అనుకుంటూ వచ్చాను. తాతయ్య దగ్గర నుంచి నాకు దక్కింది ఆ బొటనవేలు. భయపడి ఎవరైనా నా దగ్గర అబద్ధమాడితే నాకు గరుగ్గా తగులుతుంది. తగిలినా గోరుతో గీకి చూడను.

మొన్న ఆదివారం మనవరాలిని, ఎందుకే నీకు ఆ ఊరు అని అడిగాను. "ఊరికే అమ్మమ్మా. ఫోన్లో ఎతికి సూద్దామని," అంది. చూపు నా మీద లేదు. అంతకు ముందే ఆమె సంచీ సర్దుతుంటే కొత్తగా తీయించుకున్న చిన్న ఫొటోలు నాలుగు, అన్నీ ఒకేలా ఉన్నవి, ఒక కవరులోంచి జారి పడ్డాయి. గబుక్కున తీసి దాచుకుంది. నేను చూడనట్టే ఊరుకున్నాను. ఫ్యాక్టరీలో దానితో కుట్టే పిల్లల్లో సగం మంది ఇప్పటికే దేశం దాటిపోయారు. ఏ దేశానికని అడిగితే ఇంకో అబద్ధం వెతుక్కోవాలి పాపం. వారం అంతా మిషను తొక్కి వచ్చిన పిల్ల.

సరే అన్నాను. ఇంటిపేరు, పెద్దాయన పేరు, ఊరి పేరు, చెంబు మీద ఉన్న వరుసలోనే ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను. అరవై ఏళ్ళలో ఆ పేరు నా నోట పైకి రావడం అదే మొదలు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దానికి తెలుగు రాయడం రాదు, బర్మా అక్షరాల్లో కొట్టుకుంది. సరిగ్గా ఉందా అని చదివి వినిపించింది. ఉంది అన్నాను. చిన్నపిల్లలా నా బుగ్గ మీద ముద్దు పెట్టింది.

చెప్పులేసుకుని నాలుగు మెట్లు దిగాక వెనక్కి తిరిగింది. "వచ్చే ఆదివారం వస్తాను అమ్మమ్మా," అంది.

గరుగ్గానే తగిలింది. సరే అన్నాను.