షబీనా గీతల పుస్తకం

చీరలు మడతపెట్టి పేర్చడంలో ధర్మవరంలో నన్ను మించినవాడు లేడని నాకు పొగరు. సావుకారి రంగయ్య కొట్లో ఇరవై రెండేళ్లుగా అదే నా పని. నేను పేర్చిన దొంతర సరుకు గదికి అడ్డంగా, నేల నుంచి అటక దాకా గోడలా నిలబడేది. దాన్ని తీసెయ్యమని 2007లో షబీనా అనే పిల్ల అడిగినప్పుడు నాకు ఒళ్లు మండింది.

షబీనాది పెనుకొండ. వాళ్ల నాయన లాల్‌సాబ్ బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఆ పిల్ల హిందూపురంలో కంప్యూటర్ నేర్చుకుని, రోజూ ప్యాసింజర్ రైల్లో మా ఊరికి వచ్చేది. మా కొట్టు వెనక గదిలో కూర్చుని చీర అంచులకు డిజైన్లు గీసి, బెంగళూరు షాపుకు మెయిల్‌లో పంపాలి. ఇంటర్నెట్ లైనేమో ముందు గదిలో, సావుకారి బల్ల దగ్గర. మధ్యలో ఉన్నది నా సరుకు గది. అందులోంచి లాగిన వైరును ఎలుకలు రెండుసార్లు కొరికేశాయి. అప్పుడు పట్టుబట్టి వైఫై పెట్టె కొనిపించి సావుకారి బల్ల మీద పెట్టించింది ఆ పిల్లే.

ఆ పెట్టె ఆమె ప్రాణానికొచ్చింది. ఒకరోజు పలికేది, ఒకరోజు చచ్చేది. అనంతపురం నుంచి మెకానిక్ వచ్చి పెట్టె మార్చిపోయినా అదే వరస. సావుకారి మాత్రం ప్రతి శుక్రవారం దానికి పసుపూ కుంకుమా పెట్టి ఊదుబత్తి వెలిగించేవాడు. చిత్రంగా శుక్రవారం అది దివ్యంగా పనిచేసేది. ఒకసారి బుధవారం కూడా పూజ చేశాడు. పలకలేదు. మడి చాలలేదన్నాడు. నేనూ నమ్మాను, అబద్ధమెందుకు.

చివరికి బెంగళూరు షాపాయన ఫోన్‌లో తిట్టేసరికి సావుకారికి రోషమొచ్చింది.

"ఈ బేస్తవారం పన్నెండు లోపల డిజైను పోవాల పాపా. పోకుంటే మళ్లీ సీడీలు బస్సులోనే పంపుకుంటాం. నీతో ఇంక పనుండదు" అన్నాడు.

 ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. అప్పటికే మూడు వారాలుగా ఒక నోటు పుస్తకంలో, కంప్యూటర్ మూలన సిగ్నల్ గీతలు ఎన్ని కనిపిస్తున్నాయో రోజూ రాసుకుంటోంది. బేస్తవారం పదకొండు గంటలకు ఆ పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది. శుక్రవారం నాలుగు గీతలు. సోమవారం మూడు. బుధవారం ఒకటి. బేస్తవారం సున్నా. మూడు వారాలూ అంతే.

"మోటారు విప్పేముందు మా నాయన ఒకటే అడుగుతాడు కొండప్పన్నా. ఎప్పుడు చెడిపోతాదని గాదు, ఎప్పుడు బాగుంటాదని. ఈ కొట్లో రోజురోజుకూ పెరిగేది నీ దొంతరే. బేస్తవారం సాయంత్రం సరుకు బెంగళూరుకు పోతానే పెట్టె పలుకుతాది."

"ఏందిమే, చీరలు సిగ్నల్‌ని ఆపుతాయా?"

"చీరలు గాదన్నా, జరీ. అది లోహం గదా. అంత మందాన ఉంటే సిగ్నల్ దాటి రాలేదు."

"నీకు చేతగాక నా పని మీద పడతాండావా!" అని అరిచాను.

ఆమె స్టూలు లాక్కుని ఎక్కి దొంతర పైచీరకు చెయ్యి చాపింది.  పట్టు పట్టుకోవడం తెలియని చేతులు. చీరలు నలిగిపోతాయని స్టూలు దగ్గరికి ఉరికాను.

"దిగు మే! నేను తీస్తా" అన్నాను.

నా చేతులతో పేర్చింది నా చేతులతోనే దించాను. సావుకారి గుమ్మంలో నిలబడి, "కొండప్పా, పిచ్చి గాని పట్టిందా?" అన్నాడు. "పట్టింది సావుకారీ" అని దించుతూనే ఉన్నాను. సగం దొంతర నేల మీదికొచ్చేసరికి వెనక గదిలోంచి కేక.

"మూడు గీతలన్నా!"

పన్నెండుకు ఇంకా పది నిమిషాలుండగా డిజైను బెంగళూరు చేరింది. అప్పుడు ఏడ్చింది షబీనా, పుస్తకంలో మొహం దాచుకుని. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఆ పిల్ల ఉద్యోగానికి అడ్డం నిలబడింది నేను గర్వపడే నా పనితనమే.

మర్నాటి నుంచి సరుకంతా పక్క గోడవార నడుమెత్తు వరకే పేర్చాను. చూసినవాళ్లు కొండప్పకు వయసైపోయింది, పైకి పేర్చలేకపోతున్నాడు అన్నారు.

అననీ.